అమ్మ బీడీలు చేస్తది, నాకేమో సోషియాలజీ ఎంఏ చెయ్యాలనుంది

ప్రశ్న: అక్కా, మాది జగిత్యాల దగ్గర పల్లె. బీకాం కంప్యూటర్స్ అయ్యి మూడేళ్లయింది, హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో డేటా ఎంట్రీ చేస్తున్నా, జీతం పదహారు వేలు. అమ్మ బీడీలు చేస్తది, నాన్న చాలా ఏళ్లు దుబాయ్‌లో ఉండి వచ్చిండు, మేం బీసీలం. గ్రూప్-2 కోసం సొసైటీ పోర్షన్ చదువుతుంటే ఇదంతా మా ఊరి గురించే కదా అనిపించి సోషియాలజీ మీద పిచ్చి పట్టుకుంది. మా వాడలో మొగుళ్లు గల్ఫ్‌లో ఉండి పైసలు పంపే ఇళ్లలో కూడా ఆడోళ్లు బీడీలు ఎందుకు ఆపరో నాకు ఎప్పట్నుంచో డౌట్. ఎంఏ చేస్తానంటే అమ్మ "అది సదివి ఏం జేస్తవ్ బిడ్డా, ఏం నౌకరొస్తది" అంటుంది, ఇంకోపక్క సంబంధాలు చూస్తున్నరు. నా ఇంగ్లిష్ అంతంత మాత్రమే. హెచ్‌సీయూనా, ఓయూనా, జాబ్ చేసుకుంటూ ఓపెన్‌లో చెయ్యాలా? పీహెచ్‌డీ దాకా పోవచ్చా? నా వయసు 24.

సమాధానం:

చెల్లీ, నువ్వు వరసపెట్టి అడిగినవన్నీ చెప్తా, కానీ ముందు నీ ఉత్తరం మధ్యలో డౌట్ అని రాసి వదిలేసిన ఆ లైను దగ్గర ఆగుదాం, ఎందుకంటే నువ్వు ఈ చదువు చదవాలని నాకు గట్టిగా అనిపించింది ఆ లైను చూశాకే. మొగుడు దుబాయ్ నుంచి పంపుతున్నా ఆ ఇంటి ఆడమనిషి చాట ఒళ్లోంచి ఎందుకు దించదు? ఎంఏ పూర్తి చేసి బయటికొచ్చిన చాలామందికి ఇలాంటి ప్రశ్న ఒక్కటి కూడా సొంతంగా తట్టి ఉండదు.

ఊళ్లో ఎవర్నడిగినా టక్కున చెప్పేస్తారు, పైసలు చాలవు అని, లేదంటే చిన్నప్పట్నుంచి అలవాటు, ఊరికే కూర్చోలేరు అని. రెండూ అబద్ధం కాదు కానీ అక్కడితో ఆగిపోతే సోషియాలజీ మొదలవ్వనే లేదు. దుబాయ్ పైసలు ఎవరి అకౌంట్లో పడతాయి, భార్య అకౌంట్లోనా, అత్తదాంట్లోనా, లేక అన్నదమ్ముడి దాంట్లోనా? మొదట్లో వచ్చేదంతా వీసా కోసం చేసిన అప్పుకి, మిత్తికి పోతుంటే పొయ్యి మీద గిన్నె ఎవరి సంపాదనతో ఎక్కుతోంది? బీడీల పైసలు ఎంత తక్కువైనా నేరుగా ఆమె చేతికొస్తాయి, ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు, దానికి ఆ ఇంట్లో ఎంత విలువ? పీఎఫ్ నంబరు ఆమె పేరు మీద ఉంది, రేపు పెన్షన్ అంటే కూడా ఆ పేరే కావాలి, ఒకసారి మానేస్తే కార్ఖానాలో మళ్లీ పేరు ఎక్కుతుందో లేదో అన్న భయం ఉందా? మొగుడు ఊళ్లో లేని ఆడమనిషి బయటి పనికి పోతే వాడ ఏమంటది, ఇంట్లో కూర్చుని చేసే పనైతే ఏమంటది? మధ్యాహ్నం నలుగురూ ఒక్కచోట చేరి తునికాకు కత్తిరించుకుంటూ, తంబాకు పోసి చుట్టి దారం కట్టుకుంటూ మాట్లాడుకునే ఆ రెండు మూడు గంటలు పోతే ఆమెకి ఇంకేం మిగులుతుంది?

చూశావా, ఒక్క డౌట్‌లోంచి డబ్బు, కుటుంబం, పరువు, కార్మిక చట్టం, వలస అన్నీ బయటికొచ్చాయి. వీటికి జవాబులు నాకు తెలుసని కాదు, అవి ఇల్లిల్లూ తిరిగి అడిగితే తప్ప తెలియవు, ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ వేరుగా కూడా ఉంటాయి, ఆ తేడా ఎక్కడ ఎందుకొస్తుందో పట్టుకోవడమే నువ్వు యూనివర్సిటీలో నేర్చుకోవాల్సింది. ఇంకో మాట, 2024 నవంబర్‌లో తెలంగాణలో ఇంటింటి కుటుంబ సర్వే జరిగింది కదా, ఫారం పట్టుకుని మీ ఇంటికీ వచ్చే ఉంటారు, అప్పుడు మీ అమ్మ ఏం పని చేస్తుందని రాసుకున్నారో అడిగి తెలుసుకో. బీడీ కార్మికురాలు అని రాశారా, గృహిణి అని రాశారా, ఆ జవాబు చెప్పింది అమ్మేనా నాన్నా? నువ్వు రోజూ ఆఫీసులో డేటా ఎంట్రీ చేస్తావు కాబట్టి ఒక గడిలో పడిన మాట తర్వాత లెక్కల్లో ఎలా నిజమైపోతుందో నీకు నాకంటే బాగా తెలుసు.

మన తెలంగాణ పల్లెలకు ఈ సబ్జెక్టులో పాత చరిత్రే ఉంది. ఉస్మానియాలో పనిచేసిన ఎస్.సి. దూబే 1950ల మొదట్లో ఒక టీంని తీసుకుని శామీర్‌పేట మీద అధ్యయనం చేశాడు, అది 1955లో 'ఇండియన్ విలేజ్' అని పుస్తకంగా వచ్చింది, ఇప్పుడు మనం ఔటర్ రింగ్ రోడ్డు మీద బోర్డు చూసి దాటిపోయే ఆ శామీర్‌పేటే. అంతకుముందు 1940ల్లో హైమెన్‌డార్ఫ్ అనే విదేశీ ఆంత్రోపాలజిస్టు ఆదిలాబాద్ గోండుల దగ్గర ఉండి రాశాడు. వీళ్లంతా బయట్నుంచి వచ్చి మన ఊళ్లను చూసినవాళ్లు. లోపలి మనిషి రాస్తే ఎలా ఉంటుందో తెలియాలంటే అంబేడ్కర్ దగ్గరికి పో, 1916 మేలో కొలంబియా యూనివర్సిటీలో ఒక ఆంత్రోపాలజీ సెమినార్‌లో కులం ఎలా పుట్టింది, ఎలా నిలబడింది అని పేపర్ చదివాడు, తన కులంలోనే పెళ్లి చేసుకోవాలన్న కట్టుబాటే కులానికి అసలు కీలకం అని వాదించాడు, అప్పటికి ఆయన వయసు 25, నీకంటే ఒక్క ఏడాది పెద్ద. ఎంఏలో చేరాక మొదటి సెమిస్టర్లోనే అది చదువు, సిలబస్‌లో ఉన్నా లేకున్నా.

ఇప్పుడు అమ్మ అడిగిన ప్రశ్న, ఏం నౌకరొస్తది. దీనికి తీపి మాటలు చెప్పను. సోషియాలజీ ఎంఏ చేతిలో పెట్టుకుంటే దానంతట అదే వచ్చే ఉద్యోగం అంటూ పెద్దగా లేదు. మన ఇంటర్ కాలేజీల్లో సివిక్స్, ఎకనామిక్స్‌కి ఉన్నట్టు ఈ సబ్జెక్టుకి జూనియర్ లెక్చరర్ పోస్టులు ఉండవు, స్కూల్లో సోషల్ చెప్పాలంటే బీఈడీ, టెట్ కావాలి, డిగ్రీ కాలేజీ పోస్టులు తక్కువ, మన రాష్ట్ర యూనివర్సిటీల్లో అయితే ఏళ్ల తరబడి రెగ్యులర్ పోస్టులు సరిగ్గా నింపక కాంట్రాక్టు, పార్ట్ టైం వాళ్లతో నెట్టుకొస్తున్నారు, నెట్ (లెక్చరర్ అర్హతకి, ఫెలోషిప్‌కి రాసే జాతీయ పరీక్ష) కొట్టి పీహెచ్‌డీ చేసినవాళ్లు కూడా గెస్ట్ లెక్చరర్లుగా ఏళ్లు గడుపుతున్నారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం, దీన్ని దాచి నిన్ను క్యాంపస్‌కి పంపడం నాకిష్టం లేదు. సివిల్స్‌కి సోషియాలజీ ఆప్షనల్ అంటారు, నిజమే, 500 మార్కులకి రెండు పేపర్లు, కానీ దానికి ఎంఏ అక్కర్లేదు, ఏ డిగ్రీ ఉన్నా తీసుకోవచ్చు, కాబట్టి ఆ ఒక్క కారణంతో రెండేళ్లు పెట్టకు. గ్రూప్స్‌కీ అంతే, సొసైటీ పోర్షన్‌కి ఉపయోగపడుతుంది తప్ప దానికోసమే అయితే ఎంఏ దండగ. ఎన్జీవోల్లో ఫీల్డ్ ఉద్యోగమే నీకు కావాలనుకుంటే ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) సూటి దారి, చాలామంది ఈ రెండిటినీ ఒకటే అనుకుని చేరి తర్వాత ఏడుస్తారు.

మరి ఎవరికి పని దొరుకుతోంది అంటే, ఫీల్డుకి పోయి మనుషులతో మాట్లాడి, వచ్చి కూర్చుని అంకెలు కూడా చూడగలిగేవాళ్లకి. రీసెర్చ్ సంస్థలు, సర్వేలు చేసే కంపెనీలు, ప్రభుత్వ పథకాలు జనానికి ఎంతవరకు అందాయో లెక్క తీసే ప్రాజెక్టులు, వీటిలో రీసెర్చ్ అసిస్టెంట్ పనులు ఉంటాయి, బేగంపేటలో సెస్ అని ఆర్థిక, సామాజిక అధ్యయన కేంద్రం ఉంది, రాజేంద్రనగర్‌లో ఎన్ఐఆర్‌డీ అని గ్రామీణాభివృద్ధి సంస్థ ఉంది, ఇలాంటి చోట ప్రాజెక్టు ఉద్యోగాలు వస్తూపోతూ ఉంటాయి, పర్మనెంట్ కావు కానీ పని నేర్పుతాయి. ఇక్కడ నీ బీకాం, నీ ఎక్సెల్ నీకు ప్లస్సు, చిన్నచూపు చూడకు. క్లాసులో థియరీ బాగా మాట్లాడే పిల్లలు చాలామంది టేబుల్ కనిపిస్తే పారిపోతారు. కుటుంబాల ఆరోగ్యం మీద చేసే ఎన్ఎఫ్‌హెచ్‌ఎస్, ఎవరు ఏ పని చేస్తున్నారో తెలిపే పీఎల్‌ఎఫ్‌ఎస్ లాంటి పెద్ద సర్వేల డేటా ఉచితంగా దొరుకుతుంది, ఆ డేటాలోంచి లెక్కలు తీసే ఆర్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే, మొదటి ఏడాదిలోనే దాన్ని పట్టుకో, ఇంట్లో కూర్చుని పనిచేసే ఆడవాళ్లు రాష్ట్రంలో ఎంతమంది అని నువ్వే తీసి చూసుకోగలిగిన రోజున నీ డౌట్‌కి బలం వస్తుంది.

ఎక్కడ చేరాలి అన్నది. జాబ్ మానడం నిజంగా కుదరని పరిస్థితైతే అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో గానీ ఇగ్నోలో గానీ చెయ్యొచ్చు, ఆ డిగ్రీతో కూడా నెట్ రాయొచ్చు, అందులో తక్కువతనం ఏమీ లేదు. కానీ నీ విషయంలో నా మాట రెగ్యులర్‌కే, అదీ హాస్టల్లో ఉండి. ఈ సబ్జెక్టు సగం పుస్తకాల్లో నేర్చుకుంటే సగం పక్కనున్నవాళ్లతో కొట్లాడి నేర్చుకుంటాం, నువ్వు కులం గురించి ఒకటంటే కేరళ నుంచో ఒడిశా నుంచో వచ్చిన అమ్మాయి మా దగ్గర అలా కాదు అంటుంది, అక్కడ నీ ఆలోచన కదులుతుంది, ఓపెన్‌లో మెటీరియల్ వస్తుంది కానీ ఆ అమ్మాయి రాదు. అందుకే ఫస్ట్ ఛాయిస్‌గా హెచ్‌సీయూ పెట్టుకో, 1974లో పెట్టిన సెంట్రల్ యూనివర్సిటీ, లైబ్రరీ మంచిది, దేశం నలుమూలల నుంచి వస్తారు, ఫీజు ప్రైవేటు కాలేజీలతో పోలిస్తే చాలా తక్కువ. దానికి సీయూఈటీ-పీజీ అనే దేశవ్యాప్త ఎంట్రన్స్ రాయాలి, ఈమధ్య అప్లికేషన్లు డిసెంబర్, జనవరి ప్రాంతంలో మొదలై పరీక్ష మార్చిలో అవుతోంది, 75 ప్రశ్నలు, కరెక్టుకి 4, తప్పుకి మైనస్ 1, పేపరు ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. అదే స్కోరుతో ఢిల్లీ యూనివర్సిటీకీ జేఎన్‌యూకీ కూడా పెట్టొచ్చు, పెట్టు, భయపడకు.

ఓయూ, కాకతీయ, శాతవాహన లాంటి రాష్ట్ర యూనివర్సిటీలకు సీపీగెట్ అనే ఎంట్రన్స్ వేరే ఉంటుంది, అది వేసవి దాటాక జరుగుతుంది కాబట్టి మొదటిది పోయినా ఇది చేతిలో ఉంటుంది. ఓయూని తక్కువ చెయ్యకు, ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద నేర్చుకునే రాజకీయం క్లాసులో నేర్చుకునేదానికి తీసిపోదు, తెలుగులో పరీక్ష రాసే వీలుందేమో కూడా చేరేముందు కనుక్కో. ఎక్కడికి పోయినా ఒక పని చెయ్యి, ఆ డిపార్ట్‌మెంటుకి ఒకరోజు ఊరికే వెళ్లి సెకండియర్ పిల్లల్ని పట్టుకుని అడుగు, క్లాసులు నిజంగా జరుగుతున్నాయా, డిసర్టేషన్ (కోర్సులో రాసే పరిశోధన వ్యాసం) సొంతంగా రాయిస్తారా లేక పాతవి తిప్పి రాస్తే సరిపెట్టుకుంటారా, ఏ సార్ ఏ మేడమ్ డ్రాఫ్టు చదివి ఎర్రపెన్నుతో దిద్ది ఇస్తారు అని. ర్యాంకుల లిస్టు కన్నా ఆ ఎర్రపెన్ను మనిషి ఎక్కడున్నారో తెలుసుకోవడం ముఖ్యం. డిగ్రీలో సోషియాలజీ లేదని బెంగ వద్దు, ఈ కోర్సుకి చాలా చోట్ల ఏ డిగ్రీ అయినా సరే, నోటిఫికేషన్లో ఒకసారి చూసుకో చాలు.

ఇంగ్లిష్ సంగతి. కష్టమే, మొదటి సెమిస్టర్ ఏడిపిస్తుంది, సోషియాలజీకి పునాది వేసిన మార్క్స్, డుర్కైమ్, వెబర్ అని ముగ్గుర్నీ ఒకేసారి మీద పడేస్తారు, వారానికి ముప్ఫై నలభై పేజీలు చదివి రమ్మంటారు, పక్కనోళ్లు గడగడా మాట్లాడుతుంటే నాకేమీ రాదు అనిపిస్తుంది. గడగడా మాట్లాడేవాళ్లలో సగం మంది చదివి రారు, ఇది నమ్ము. నువ్వు మాత్రం ఒక్కో పేరా అయ్యాక పక్కన తెలుగులో ఒక వాక్యం రాసుకో, వీడు ఏమంటున్నాడు అని మీ అమ్మకి చెప్తున్నట్టు, ఆ వాక్యం రాయలేకపోతే అర్థం కానట్టే, మళ్లీ చదువు. తెలుగు అకాడమీ సోషియాలజీ పుస్తకాలు పరీక్షకు ముందే తెచ్చుకుని చదివేస్తే సగం భయం పోతుంది, ఆ తర్వాత ఇంగ్లిష్‌లో చదివితే తెలిసిన విషయమే కొత్త భాషలో కనిపిస్తుంది. రాయడం మాత్రం ఇంగ్లిష్‌లో రోజూ ఒక పేజీ అలవాటు చేసుకో, తప్పులుంటే ఉండనీ, రెండేళ్లలో తేడా నీకే తెలుస్తుంది.

పీహెచ్‌డీకి పోవచ్చా అంటే, పో, కానీ ఫెలోషిప్‌తో పో. సొంత డబ్బుతో, అప్పుతో పీహెచ్‌డీ మన లాంటి ఇళ్లకి వద్దు. ఎంఏలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్‌కి, అంటే ఓబీసీల్లో ఆదాయం పరిమితి దాటని ఇళ్లవాళ్లకి, 50 శాతం ఉంటే నెట్ రాయొచ్చు, ఏడాదికి రెండుసార్లు ఉంటుంది, నెగెటివ్ మార్కులు లేవు. నెట్‌లో పై మార్కులతో వచ్చే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్, అది వస్తే నెలకి 37 వేలు, దాని తర్వాతి మెట్టు ఎస్‌ఆర్‌ఎఫ్‌లో 42 వేలు, హెచ్ఆర్‌ఏ వేరే, అంటే ఇప్పుడు నీకొచ్చే జీతానికి రెట్టింపు పైన. వయసు 30 దాటకూడదు కానీ ఆడపిల్లలకి, ఓబీసీలకి అయిదేళ్లు సడలింపు ఉంది, నీకు 35 దాకా టైం ఉన్నట్టు, కాబట్టి 24కే లేటైపోయిందన్న మాట మనసులోంచి తీసెయ్. 2024 నుంచి నెట్ స్కోరుతోనే పీహెచ్‌డీ అడ్మిషన్లు కూడా తీసుకుంటున్నారు. పీహెచ్‌డీకి ముందు చేసే ఎంఫిల్ ఇప్పుడు లేదు, ఎవరైనా చెయ్యమంటే నమ్మకు.

డబ్బు, కాగితాల విషయం ఈ నెలలోనే మొదలుపెట్టు, చాలామంది పిల్లలు పరీక్షలో పోరు, ఇక్కడ పోతారు. రాష్ట్రం ఇచ్చే బీసీ సర్టిఫికెట్ సెంట్రల్ యూనివర్సిటీకి పనికిరాదు, కేంద్రం ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ వేరే తీసుకోవాలి, అది కూడా అడ్మిషన్ ఏ ఆర్థిక సంవత్సరంలో అడుగుతారో ఆ తేదీలకు సరిపోవాలి, పైగా రాష్ట్రంలో బీసీ అయిన ప్రతి కులం కేంద్రం లిస్టులో ఉండదు, ముందు మీది ఉందో లేదో చూడు. మీసేవకి పోయి ఇన్‌కమ్ సర్టిఫికెట్‌తో పాటే ఇదీ పెట్టు. రాష్ట్ర స్కాలర్‌షిప్ ఈపాస్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. బీడీ కార్మికుల పిల్లల చదువుకి కేంద్ర కార్మిక శాఖ స్కాలర్‌షిప్ ఒకటి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో వస్తుంది, నువ్వు చేరే కోర్సుకి వర్తిస్తుందో లేదో ఆ ఏడాది గైడ్‌లైన్స్ చదువు, అమ్మ బీడీ కార్మికుల గుర్తింపు కార్డు ఎక్కడుందో వెతికి ఫోటో తీసి పెట్టుకో.

అమ్మకి ఎలా చెప్పాలి. లెక్చరర్ అయిపోతా అని అబద్ధం చెప్పొద్దు, రెండేళ్ల తర్వాత ఆ మాట నీ మెడకే చుట్టుకుంటుంది. లెక్క చెప్పు: హాస్టల్‌కి ఇంత, స్కాలర్‌షిప్ ఇంత, నేను దాచుకున్నది ఇంత, మిమ్మల్ని నెలకి ఇంతకన్నా అడగను, సెకండియర్లోనే నెట్ రాయడం మొదలుపెడతా, జేఆర్‌ఎఫ్ వస్తే నెలకి ఇంతొస్తది, రాకపోతే సర్వే ప్రాజెక్టుల్లో చేరతా, డేటా పని ఎటూ చేతిలో ఉంది. నెలనెలా వచ్చే 37 వేల మాట నాన్నకి బాగా అర్థమవుతుంది, గల్ఫ్ చూసొచ్చిన మనిషి కదా. పెళ్లి గురించి గొడవ పడకుండా ఒక తేదీ అడుగు, ఎంఏ అయ్యేదాకా అని, ఎప్పటికీ వద్దు అంటే బెదిరిపోతారు, ఫలానా నెలదాకా అంటే చుట్టాలకి చెప్పుకోవడానికి వాళ్లకీ ఒక మాట ఉంటుంది. సంబంధం వాళ్లు చదివిస్తాం అంటే మాత్రం ఆ మాట మీద చదువు ఆపి పెళ్లికి ఒప్పుకోకు, చేరాకే మాట్లాడదాం అను.

చేరేలోపు చెయ్యాల్సింది ఒకటుంది. ఈసారి ఊరికి పోయినప్పుడు ఒక నోట్‌బుక్ పెట్టుకుని అమ్మతో పాటు ఒక మధ్యాహ్నం ఆ గుంపులో కూర్చో, ప్రశ్నలేవీ అడక్కుండా ఉత్తగా కూర్చో, ఎవరు ముందొచ్చారు, ఎవరికి ఫోన్ వస్తే పక్కకి పోయి మాట్లాడారు, కార్ఖానాలో ఎవరి బీడీలు బాగాలేవని వెనక్కిచ్చారు, ఆకు తక్కువ పడితే ఎవరు ఎవరికి అప్పిచ్చారు, అంతా రాత్రి పడుకునే ముందు రాసెయ్, తెల్లారితే సగం మర్చిపోతావు. నీ సొంత వాడ కాబట్టి ఇదంతా తెలిసిందే కదా అనిపిస్తుంది, అదే పెద్ద అడ్డం, తెలియనట్టు చూడటం నేర్చుకోవాలి. నోట్స్‌లో పేర్లు మార్చి రాసుకో, ఆ ఇళ్ల గుట్టు నీ చేతిలో పెడుతున్నారు కాబట్టి అది ఎవరి కంట పడినా వాళ్లకి నష్టం రాకూడదు. ఆ పేజీలు ఫోటో తీసి ఇంకోచోట కూడా దాచు. సోషియాలజిస్టు ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో కర్ణాటక పల్లెలో ఉండి రాసుకుని, ఏళ్ల తరబడి సర్దుకున్న నోట్సు కాపీలన్నీ 1970లో అమెరికాలో ఆయన పనిచేస్తున్న చోట మంటల్లో పోయాయి, చివరికి చాలావరకు జ్ఞాపకం మీద ఆధారపడి పుస్తకం రాయాల్సి వచ్చింది. నీకు ఫోన్ ఉంది, వాడుకో.

సీయూఈటీ నోటిఫికేషన్ వచ్చాక ఏమేం యూనివర్సిటీలు పెట్టావో రాయి. ఆ మధ్యాహ్నం రాసుకున్న పేజీలు పంపాలనిపిస్తే పంపు, తెలుగులోనే పంపు, నేను చదివి ఎక్కడ ఇంకా అడగాలో గుర్తులు పెట్టి తిరిగి పంపుతా.